వగరు వదిలేదాకా నీళ్లు

మా పెరట్లో ఒక ఓక్ చెట్టు ఉంది. ముగ్గురం చేతులు కలిపితే గాని మొదలు చుట్టూ అందదు. కాలిఫోర్నియాలో మేముండే థౌజండ్ ఓక్స్ నగరంగా ఏర్పడింది 1964లో. చెట్టు అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే ఇక్కడుంది. దోసిలి పట్టినట్టు లోపలికి ముడుచుకున్న చిన్న ఆకులు, వాటి అంచులకు ముళ్లు. అక్టోబరు వచ్చిందంటే రాత్రంతా పాక రేకుల మీద కాయలు టపటపా రాలుతూనే ఉంటాయి. ఈ ఇంటికి వచ్చిన తొలి ఆరేళ్లూ వాటిని ఊడ్చి చెత్తడబ్బాలో పోశాను. తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఏడో ఏడు మా ఊళ్లో చూమాష్ వాళ్ల సంప్రదాయ వంటల ప్రదర్శన జరిగితే పిల్లలను తీసుకుని వెళ్లాను. చూమాష్ వాళ్లంటే ఈ తీరం అసలు యజమానులు. మాలిబు నుంచి పైకి శాన్ లూయిస్ ఒబిస్పో దాకా ఉన్న తీరం, ఎదురుగా సముద్రంలో ఉన్న దీవులు, వెనకున్న కొండలు అన్నీ వాళ్ల ఊళ్లే. మనం రోజూ పలికే పేర్లు కూడా వాళ్లవే. మాలిబు ‘హుమలివో’ అనే ఊరు. ఓహై అనే ఊరి పేరు వాళ్ల మాటలో చంద్రుడు. అక్కడ ఒక పెద్దావిడ నాకు చిన్న గిన్నెలో గోధుమరంగు జావ పోసి ఇచ్చారు. ఓక్ కాయల పిండితో కాచిన జావ.

ఉప్పు లేదు, పులుపు లేదు, కారం లేదు. మొదటి గుక్కలో ఏమీ తెలియలేదు. రెండో గుక్కకు ఉడికిన పనసగింజల వాసన లాంటిది ముక్కుకు తగిలింది. గిన్నె ఖాళీ అయ్యేసరికి కడుపులో బరువుగా, హాయిగా ఉంది. గిన్నె తిరిగి ఇస్తూ, “మా పెరట్లో ఈ కాయలు బస్తాలకొద్దీ రాలుతాయి. ఊడ్చి పారేస్తున్నాం” అన్నాను. ఆవిడ నన్ను తప్పు పట్టలేదు. “ఈ ఏడు పారేయకండి. నీళ్లు, ఓపిక ఉంటే చాలు. ఏదైనా తెలియకపోతే నన్ను అడగండి” అన్నారు.

ఆ ఏడు నిజంగానే విరగకాసింది. అయితే చెట్టు కింద పడ్డవన్నీ ఏరుకోవడానికి లేదు. అందరికంటే ముందు రాలేవి చాలావరకు పురుగు పట్టినవి. వాటిని వదిలేసి, రెండో విడత రాలే దాకా ఆగాలి. నెత్తిన టోపీలా ఉండే ముచ్చిక ఊడకుండా రాలిన కాయ అనుమానించాల్సిన కాయ. గుండుసూది తల అంత కన్నం కనబడితే పురుగు తినేసి బయటికి వెళ్లిపోయిందని అర్థం. కన్నం లేని కాయను చేతిలో పట్టుకుని బరువు చూడాలి. లోపల పప్పు ఉంటే చెయ్యి చెబుతుంది. మొదటి రోజు ఒక్కో కాయనూ కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. వారం తిరిగేసరికి వేళ్లే ఏరడం మొదలుపెట్టాయి.

ఏరుతున్నంతసేపూ పైన వడ్రంగి పిట్టలు వాటి పని అవి చేసుకునేవి. ఈ ప్రాంతపు వడ్రంగి పిట్టలు చెట్టు మానుకు వందలకొద్దీ చిన్న కన్నాలు చేసి, ఒక్కో కన్నంలో ఒక్కో కాయను బిగించి దాచుకుంటాయి. కాయ ఎండి వదులైతే తీసి ఇంకాస్త చిన్న కన్నంలోకి మారుస్తాయి. వాటికీ ఉడతలకూ వదలాలి కాబట్టి చెట్టు కింద సగానికి మించి నేను ముట్టుకోలేదు.

తొలి ప్రయత్నం చెడిపోయింది. కారణం నా తొందర. పచ్చి కాయలనే కత్తితో చీల్చి, పప్పు తీసి, మిక్సీలో వేసి, పెద్ద గిన్నెలో నీళ్లు పోసి మరిగించాను. చేదైన నీళ్లు వార్చేసి మళ్లీ మళ్లీ మరిగిస్తే త్వరగా అయిపోతుందనుకున్నాను. ఆరుసార్లు మరిగించాక చేదు తగ్గిన మాట నిజమే. కానీ మిగిలింది పిండి కాదు, ఇసుక. వేడికి పిండిలోని జిగురు ముందే ఉడికి నీళ్లతో పాటు పోయింది, నూనె కూడా పోయింది. ఎంత కాచినా జావ చిక్కబడలేదు. గరుకుగా గొంతులో అడ్డుపడింది. పిల్లలు ఒక్క చెంచా కూడా మింగలేదు.

పెద్దావిడకు ఫోను చేశాను. అంతా విని ఒకే ప్రశ్న వేశారు: “ఎండబెట్టారా?”

ఎండబెట్టలేదు. వాళ్ల పద్ధతిలో అసలు పని మొదలయ్యేదే అక్కడ. ఎండిన కాయలో పప్పు కుంచించుకుని పెంకు నుంచి విడిపోతుంది. పప్పును అంటిపెట్టుకుని ఉండే ఎర్రటి పలుచని పొర కూడా ఊడివస్తుంది. ఆ పొరలోనే ఎక్కువ వగరు. పచ్చి కాయ మీద అది గోరుతో గీకినా రాదు. పైగా పచ్చి కాయ నిల్వ ఉండదు, బూజు పట్టేస్తుంది. చూమాష్ వాళ్లు ఎండిన కాయలను పెద్ద పెద్ద గాదె బుట్టల్లో దాచుకుని ఏడాది పొడవునా వాడుకునేవారు.

అలా మిగిలిన కాయలన్నీ ఎండలో పరిచాను. వంటింటి తూకంలో అయిదు కిలోలు తేలాయి. రోజూ ఒకసారి చేత్తో కలియబెట్టేదాన్ని. ఎండుతున్న కొద్దీ లోపల దాగిన పురుగులు తెల్లగా, బియ్యపు గింజలంత, బయటికి వచ్చేవి. మూడు వారాలకు కాయను ఊపితే గిలక చప్పుడు వినిపించింది. గుడ్డసంచిలో కట్టి, గాలి తగిలేలా పాకలో వేలాడదీశాను. ఆవిడ చెప్పిన ప్రకారం మరుసటి శరదృతువు దాకా వాటి జోలికి పోలేదు.

ఆ ఏడాదంతా చూమాష్ వాళ్ల గురించి దొరికిందల్లా చదివాను. ఈ తీరంలోని దీవుల్లో ఓక్ చెట్లు తక్కువ. దీవుల వాళ్లు గవ్వలను గుండ్రంగా అరగదీసి, చిల్లు పొడిచి, పూసల దండలు చేసేవారు. అదే అందరికీ డబ్బు. పలకలను కుట్టి, తారుతో అతుకులు మూసిన ‘తొమోల్’ అనే పడవల్లో ఆ పూసలు ఒడ్డుకు వచ్చేవి, ఓక్ కాయలు దీవులకు వెళ్లేవి. సముద్రం దాటించి మరీ తెచ్చుకునే తిండి ఇది. తర్వాత స్పెయిన్ వాళ్ల మిషన్లు, అంటే క్రైస్తవ మత కేంద్రాలు, వచ్చాయి. 1772లో శాన్ లూయిస్ ఒబిస్పో మొదలు 1804లో శాంటా ఇనెస్ దాకా చూమాష్ నేల మీద అయిదు మిషన్లు కట్టారు. చెట్ల కింద పశువులు పడ్డాయి. గడ్డి, పొదలు అదుపులో ఉండేందుకు చూమాష్ వాళ్లు ఏటా నేలను కొద్దికొద్దిగా కాల్చేవారు. 1793లో స్పానిష్ గవర్నరు ఆ కాల్చడాన్నీ నిషేధించాడు. మిషన్లలో వాళ్లకు బార్లీ జావ పోశారు. జబ్బులతో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఇంత జరిగాక కూడా ఓక్ కాయల జావ ఎలా చేయాలో చెప్పగలిగే పెద్దలు మిగిలారు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో జాన్ పీబాడీ హ్యారింగ్టన్ అనే భాషా పరిశోధకుడు ఫెర్నాండో లిబ్రాడో కిత్సెపవిత్ వంటి వృద్ధుల దగ్గర కూర్చుని వాళ్లు చెప్పిందల్లా రాసుకున్నాడు. నాకు గిన్నెతో జావ ఇచ్చిన ఆవిడ చేతుల్లోకి ఈ పని చేరిన దారి మాత్రం కాగితం కాదు, వాళ్ల అమ్మమ్మ.

మరుసటి అక్టోబరులో చెట్టు కింద పిడికెడు కాయలు కూడా రాలలేదు. తెగులేమో అని భయపడి ఆవిడను అడిగాను. ఓక్ చెట్లది అదే తీరట. ఒక ఏడు విరగకాస్తే తర్వాత ఒకటి రెండేళ్లు పట్టించుకోవు. పాకలో వేలాడుతున్న సంచి వైపు చూసినప్పుడు గాదె బుట్టలు ఎందుకు అంత పెద్దవో తెలిసింది.

సరిగ్గా ఆ సమయానికి మా అత్తయ్య పార్వతీపురం నుంచి వచ్చి మా దగ్గరున్నారు. డాబా మీద నేను కాయలు కొట్టడం చూసి వచ్చి పక్కన పీట వేసుకున్నారు. కాయను నిలబెట్టి, మొన మీద చిన్న రాయితో ఒక్క దెబ్బ కొట్టాలి. పడుకోబెట్టి కొడితే పప్పు నలుగుతుంది, రాయి జారుతుంది. ఎండిన పెంకు నిలువుగా చీలి, పప్పు రెండు బద్దలై, ఎర్ర పొర పొట్టులా రాలింది. నిరుడు గోళ్లు అరిగేలా గీకినా రాని పొర అది. నల్లబడ్డ పప్పును పక్కన పడేసి, లేత పసుపు రంగువి మాత్రం ఉంచాం.

“చేట లేదా అమ్మా నీ దగ్గర?” అన్నారు అత్తయ్య. లేదు. అంచులున్న వెదురు పళ్లెం ఇచ్చాను. ఆవిడ దాన్నే చేట చేసుకుని చెరగడం మొదలుపెట్టారు. పొట్టు గాలికి లేచి డాబా అంచున ఎర్రగా పరుచుకుంది, పప్పు పళ్లెంలో గలగలమంది. చూమాష్ ఆడవాళ్లు కూడా అల్లిన పళ్లేలతో ఇలాగే చెరిగేవారని చెప్పాను. ఆవిడ మెచ్చుకోలుగా తలూపి, చెయ్యి ఆపకుండానే అడిగారు: “ఇంతకీ ఇది చేదా, వగరా?”

ఏడాదిగా ఈ కాయల గురించి ఇంగ్లీషులోనే చదువుతూ, ఇంగ్లీషులోనే మాట్లాడుతూ ఉన్నాను. అక్కడ అన్నిటికీ చేదు అనే మాటే వాడతారు. ఒక బద్ద నోట్లో వేసుకున్నాను. ముందు కాస్త తియ్యగా ఉంది. నాలుగు క్షణాలకు చేదు వచ్చింది. ఆ వెనక నాలుక పక్కలు ముడుచుకుపోయి, చిగుళ్లు బిగిసి, నోరంతా ఎండిపోయినట్టయింది. పచ్చి నేరేడు, కరక్కాయ కలిపి నమిలినట్టు. చేదు కాదు, వగరు. ఆరు రుచుల్లో దానికో పేరు పెట్టుకున్న భాష ఇంట్లో ఉండగా ఇంతకాలం ఆ మాటే నాకు తట్టలేదు. తంగేడు చెక్కతో తోలు పదును చేసేదీ ఈ గుణంతోనే. టానిన్ అనే ఈ పదార్థం మాంసకృత్తులను పట్టి బిగిస్తుంది. తోలునూ బిగిస్తుంది, లాలాజలాన్నీ బిగిస్తుంది. ఎక్కువ తింటే కడుపుకు చేటు. నీళ్లలో కరుగుతుంది, అదొక్కటే మన అదృష్టం.

అత్తయ్యకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. చిన్నప్పుడు వాళ్ల ఊరికి దగ్గర్లోని కొండ మీది గూడేల్లో మామిడి టెంకలు పగలగొట్టి, లోపలి జీడి ఎండబెట్టి, పిండి చేసి, నీళ్లలో నానబెట్టి వగరు పోగొట్టి అంబలి కాచుకునేవారట. వానాకాలంలో గింజలు అయిపోయినప్పుడు అదే ఆధారం. “వాళ్లను చూసి మేం మూతి తిప్పుకునేవాళ్లం” అన్నారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెరగడం ఇంకొంచెం నెమ్మదిగా సాగింది.

దంచడానికి ఇసుకరాతి రోలు నా దగ్గర లేదు. చూమాష్ వాళ్ల రోళ్లలో ఒక రకానికి అడుగు లేని బుట్టను రాతి అంచుకు తారుతో అతికిస్తారు, పిండి చెదరకుండా. ఆ తారు ఇక్కడి సముద్రపు ఒడ్డున సహజంగా ఊరేదే. కార్పింటేరియా దగ్గర ఇసుకలో నడిస్తే ఇప్పటికీ పాదాలకు అంటుకుంటుంది. నేను ఇంట్లో ఉన్న చిన్న రాతి రోలులోనే గుప్పెడు గుప్పెడు వేసి దంచాను. సగంలో చేతులు పడిపోయి మిక్సీ తీశాను. అదీ పని చేసింది, కానీ రోటి పిండి మెత్తదనం దానికి రాలేదు. జల్లించేటప్పుడు పళ్లేన్ని ఏటవాలుగా పట్టి తట్టాలి: మెత్తని పిండి పళ్లేన్ని అంటుకుని ఉండిపోతుంది, రవ్వ దొర్లి కిందికి వస్తుంది. రవ్వ మళ్లీ రోట్లోకి. అంటుకున్న పిండిని ఊడ్చడానికి వాళ్లు సబ్బు దుంప పీచుతో కట్టిన కుంచె వాడతారు. నేను కొబ్బరి పీచుతో సరిపెట్టుకున్నాను. అయిదు కిలోల కాయలకు కిలోన్నర పిండి మిగిలింది, లేత గోధుమరంగులో, వేళ్ల మధ్య నలిపితే కాస్త నూనె జిడ్డుతో.

ఇక నీళ్ల పని. శుభ్రమైన ఇసుకలో వెడల్పుగా గుంట చేసి, పిండి పలుచగా పరిచి, మీద ఆకుల రెమ్మ పెట్టి దాని మీదుగా నీళ్లు పోయడం ఒక పద్ధతి; రెమ్మ ఉంటే నీటి ధారకు పిండి గుంట పడదు. బుట్టలో వేసి పోయడం ఇంకో పద్ధతి. నాకు ఇసుక భయం వేసి బుట్ట పద్ధతి ఎంచుకున్నాను. చిల్లుల గిన్నెలో అత్తయ్య పాత నూలు చీర ముక్క పరిచి, పిండి అంగుళం మందాన సర్ది, మీద మా చెట్టు రెమ్మ పెట్టాను. చన్నీళ్లే పోయాలి. పొద్దున్న ఎనిమిదింటికి మొదటి చెంబు పోశాను.

కింద గిన్నెలోకి దిగిన నీళ్లు చిక్కటి టీ డికాక్షన్‌లా ఉన్నాయి. పూర్తిగా ఇంకిన తర్వాతే రెండో చెంబు. ఒక్కో చెంబు దిగడానికి పది నిమిషాలు, పావుగంట పట్టింది. హడావుడిగా కదిపితే గుడ్డ రంధ్రాలు మూసుకుపోయి నీళ్లు నిలిచిపోతాయి. అయిదో చెంబుకు రంగు పలుచబడింది, పన్నెండో చెంబుకు తేట నీళ్లు వచ్చాయి. అయిపోయిందనుకుని ఫోనులో ఆవిడకు చెప్పాను. “నీళ్లను చూడకండి, నాలుక మీద పెట్టండి. పెట్టి ఆగండి” అన్నారు.

చిటికెడు తడిపిండి నాలుక మీద పెట్టుకుని గడియారం చూశాను. పది క్షణాల వరకు తీపి. ఇరవై దాకా ఏమీ లేదు. ముప్పై దగ్గర నాలుక పక్కల్లో ఆ ముడుపు మెల్లగా మొదలైంది. ఇంకా ఉంది. చేదు ఎప్పుడో పోయింది. చివరిదాకా పట్టుకుని ఉండేది వగరే. మళ్లీ చెంబు. అత్తయ్య, నేను వంతులు వేసుకున్నాం. ఒకరి నాలుక అలవాటు పడిపోతే రెండో వాళ్ల నాలుక సాయం. మధ్యాహ్నం మూడున్నరకు, ఇరవై ఆరో చెంబు తర్వాత, ఇద్దరం నిమిషం దాకా ఆగినా నోరు ముడుచుకోలేదు. పిండి తెల్లబడి, ముద్దగా, గుడ్డ నుంచి పలకలా ఊడి వచ్చింది.

కాచే పాత్ర దగ్గర మనసు పొంగింది. చూమాష్ వాళ్లు జావ కాచడానికి బలపపు రాతిని తొలిచిన కుండలు వాడేవారు. ఆ రాయి శాంటా కాటలీనా దీవి నుంచి, అక్కడి టోంగ్వా వాళ్ల దగ్గర నుంచి పడవల మీద వచ్చేది. నిప్పు మీద పెట్టినా పగలదు, వేడి పట్టి ఉంచుతుంది. అదే రాయితో చేసిన రాచిప్ప మా వంటింట్లో ఉంది, పప్పుపులుసు కోసం అత్తయ్యే కిందటిసారి సామానులో గుడ్డలు చుట్టి తెచ్చింది. రాచిప్పను సన్నని సెగ మీద పెట్టి, ఒక గ్లాసు తడిపిండికి మూడు గ్లాసుల నీళ్లు పోసి, చెక్క గరిటెతో కలుపుతూ నిలబడ్డాను. గరిటె ఆపితే అడుగంటుతుంది. ఇరవై నిమిషాలకు రంగు మారింది. మట్టి రంగు కాస్తా ఎర్రటి గోధుమరంగైంది. బుడగలు పైకి తేలి గుబుక్కున పగిలాయి. నిరుడు ఎంత కాచినా రాని చిక్కదనం ఒక్కసారిగా గరిటెకు బరువుగా తగిలింది. దించాక కూడా రాచిప్పలో అయిదు నిమిషాలు ఉడుకుతూనే ఉంది.

ఉప్పు వేయలేదు. పిల్లలు సాల్మన్ చేప ముక్కతో నంజుకుని తిన్నారు, చిన్నవాడు రెండోసారి అడిగాడు. అత్తయ్య మాత్రం ఒక్క మిరపకాయ కొరుక్కుని గిన్నె పూర్తి చేశారు. మిగిలింది చల్లారి జున్నులా గట్టిపడితే ముక్కలు కోసి డబ్బాలో పెట్టాను.

మర్నాడు ఆ డబ్బా పట్టుకుని పెద్దావిడ ఇంటికి వెళ్లాను, అత్తయ్య కూడా వచ్చారు. ఆవిడ చేతులు కడుక్కుని వచ్చి, ముక్కను వేళ్లతో తుంచి నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నారు. నేను మనసులో లెక్కపెట్టుకుంటున్నాను. నలభై, యాభై, అరవై. ఆ పైన కూడా ఆవిడ ఆగారు. కళ్లు తెరిచి, “బాగుంది. ఇంకో రెండు చెంబులు పోయాల్సింది” అన్నారు. చెబుతూనే ఇంకో ముక్క తుంచుకున్నారు.

ఇంటికి రాగానే మిగిలిన పిండిలోంచి రెండు గ్లాసులు కొలిచి మళ్లీ చీర ముక్క మీద పరిచాను. ఈసారి ఇరవై ఎనిమిది చెంబులు పోశాం.